మెయిన్‌ఫ్రేమ్ ఫైల్లో అక్షరాలు తేడాగా కనిపిస్తే ఏ దారిలో చూడాలి?

మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల వంటి సంస్థలు వాడే పెద్ద కంప్యూటర్) మీది ఫైలు తెరిచారు. పేర్లుండాల్సిన చోట చుక్కలు, కామాలు, ఎట్ గుర్తులు కనిపిస్తున్నాయి. ఇలాంటప్పుడు చాలామంది మొదట అడిగే మాట "దీన్ని ఏ టూల్‌తో మార్చాలి" అని. మార్చే సంగతి ఆఖర్న చూసుకోండి. ముందు ఆ బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూడాలి. వాటిని ఏ యంత్రం, ఏ ప్రోగ్రామ్ రాసిందో తెలుసుకోవాలి. ఆ తర్వాత, ఫైలు జోలికి పోకుండా తెరమీది రూపాన్ని మాత్రమే మార్చే దారిని ఎంచుకోవాలి. కింద చెప్పబోయే దారులన్నిటినీ నేను ఈ ఒక్క కొలతతోనే బేరీజు వేస్తున్నాను: ఇది చూపును మారుస్తుందా, డేటాను మారుస్తుందా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల నుంచి మన పిల్లలు బ్యాంకు, బీమా ప్రాజెక్టుల్లో మెయిన్‌ఫ్రేమ్ సపోర్టుకు వెళ్తున్నారు. కొందరు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. ఇంకొందరు రాజాంలోనో నరసన్నపేటలోనో ఇంట్లో కూర్చుని అమెరికా వేళలకు పనిచేస్తారు. కాలేజీలో ఆస్కీ, యూనికోడ్ బాగానే చెబుతారు గానీ ఎబ్సిడిక్ (ఆస్కీ లాగే అక్షరాలకు బైట్ విలువలిచ్చే, మెయిన్‌ఫ్రేమ్ వాడే పద్ధతి) పేరు ఒక వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది. ఉద్యోగంలో చేరాక మాత్రం రోజూ దానితోనే పని. పక్కన సీనియర్ లేని వేళ, రాత్రి రెండు గంటలకు ఒక్కరే కూర్చుని తేల్చుకోవాల్సిన వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

తెరమీది ఆనవాళ్ళు

ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్/360తో ఎబ్సిడిక్ వచ్చింది. పంచ్ కార్డుల రంధ్రాల అమరికను అనుసరించి అక్షరాలకు విలువలిచ్చారు. అందుకే ఇంగ్లీషు అక్షరమాల అందులో ఒకే వరుసగా సాగదు, మధ్యమధ్య తెగి ఉంటుంది. పెద్దబడి (క్యాపిటల్) 'ఏ' అక్షరం విలువ హెక్స్‌లో, అంటే ఒక్కో బైట్‌ను 0-9, ఏ-ఎఫ్ గుర్తుల్లో రెండింటితో రాసే పద్ధతిలో, సీ1, 'ఐ' విలువ సీ9. జే మళ్ళీ డీ1 దగ్గర, ఎస్ ఈ2 దగ్గర మొదలవుతాయి. అంకెలు ఎఫ్0 నుంచి ఎఫ్9 వరకు. ఖాళీ విలువ 40. ఆస్కీలో అదే ఏ 41, అంకెలు 30 నుంచి 39, ఖాళీ 20. ఈ కొద్దిపాటి విలువలు నోటికి వస్తే సగం రోగనిర్ధారణ ఏ టూల్ లేకుండానే అయిపోతుంది.

ఎబ్సిడిక్ ఫైలును మార్పిడి లేకుండా దించుకుని పీసీలో మామూలు ఎడిటర్‌తో తెరిచారనుకోండి. ఖాళీలన్నీ @ గుర్తులుగా కనిపిస్తాయి, ఎందుకంటే ఆస్కీలో 40 అంటే @. పెద్దబడి అక్షరాలు, అంకెలు నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న యూరప్ అక్షరాలుగా మారిపోతాయి. ఎడిటర్ దాన్ని యూటీఎఫ్-8 అనుకుంటే నల్ల వజ్రంలో ప్రశ్నార్థకాలు వరుస కడతాయి. ఒక రాత్రి రాజాం నుంచి మా టీమ్ కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, ఫైలు పాడైపోనాది. ఎక్కడ చూసినా ఎట్ గుర్తులే ఉన్నాయి. క్లయింటుని మళ్ళీ పంపమందామేటి?" అన్నాడు. ఎట్ గుర్తులు రికార్డుల చివర్న గుంపులుగా ఉన్నాయా అని అడిగితే ఉన్నాయన్నాడు. అంటే పేరు అయిపోయాక మిగిలిన ఖాళీలవి. ఫైలు చక్కగా ఉంది, చూస్తున్న కిటికీయే వేరు. అదే ఫైలును మెయిన్‌ఫ్రేమ్ మీద తెరిస్తే పేర్లన్నీ బారులు తీరి కనిపించాయి.

దీనికి తిరగబడ్డ కేసు, ఆస్కీ డేటాను 3270 (మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్) తెర మీద ఎబ్సిడిక్ అనుకుని చూడటం. అప్పుడు అంకెలన్నీ మాయమవుతాయి. 30 నుంచి 39 దాకా ఎబ్సిడిక్‌లో కనిపించే అక్షరాలేవీ లేవు. చిన్నబడి అక్షరాలు విరామ చిహ్నాలవుతాయి: కే స్థానంలో కామా, ఎల్ స్థానంలో శాతం గుర్తు, ఏ స్థానంలో ఏటవాలు గీత, ఎన్ స్థానంలో >, ఓ స్థానంలో ప్రశ్నార్థకం. చిన్నబడిలో టెక్కలి అని ఆస్కీలో రాసి ఉంటే, నడిమి నాలుగు అక్షరాలు ,,/% అని కనబడతాయి. ఇలాంటి పంక్తి ఒకసారి కళ్ళతో చూస్తే మళ్ళీ మరచిపోరు.

ఇంకొక రకం ఉంది, అది ఎక్కువ మోసం చేస్తుంది. అక్షరాలు సరిగ్గా ఉంటాయి, అంకెలు సరిగ్గా ఉంటాయి, చదరపు బ్రాకెట్లు మాత్రం వేరే గుర్తులుగా కనిపిస్తాయి. ఇది ఆస్కీ గొడవ కాదు. ఎబ్సిడిక్‌లోనే రకరకాల కోడ్ పేజీలున్నాయి, అంటే ఏ విలువకు ఏ గుర్తో చెప్పే పట్టికలు. అమెరికాలో వాడే 037లో చదరపు బ్రాకెట్లు బీఏ, బీబీ దగ్గర ఉంటాయి. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్‌లోని యూనిక్స్ వాడే 1047లో అవే ఏడీ, బీడీ దగ్గర, 500లో 4ఏ, 5ఏ దగ్గర. ఆశ్చర్యార్థకం కూడా 037లో 5ఏ, 500లో 4ఎఫ్. ఏ నుంచి జెడ్ దాకా పెద్దబడి అక్షరాలూ అంకెలూ మూడింటిలోనూ ఒకే చోట ఉంటాయి కాబట్టి కోబాల్ (మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామింగ్ భాష) ఫైళ్ళలో ఈ తేడా ఏళ్ళ తరబడి బయటపడదు. జేసన్ పాఠమో, బ్రాకెట్లలో డోర్ నంబరు రాసిన చిరునామానో వచ్చిన రోజు బయటపడుతుంది. ఇలా బ్రాకెట్లొక్కటే తేడాగా ఉంటే ఫైలును ముట్టుకోకండి. మీ టెర్మినల్ ఎమ్యులేటర్ (పీసీలో 3270 తెరను చూపే ప్రోగ్రామ్) సెట్టింగుల్లో హోస్ట్ కోడ్ పేజీ ఏముందో చూడండి. పర్సనల్ కమ్యూనికేషన్స్‌లోనైనా, ఉచితంగా దొరికే ఎక్స్3270లోనైనా ఆ ఎంపిక ఉంటుంది. 037 స్థానంలో 1047 పెట్టి సెషన్ మళ్ళీ కలిపితే చాలాసార్లు అక్కడితో పని ముగుస్తుంది.

ఒక్కో బైట్‌లో రెండేసి అంకెలు కుక్కి దాచే ప్యాక్డ్ డెసిమల్‌ని కూడా ఇక్కడే చెప్పాలి. కోబాల్‌లో కాంప్-3గా ప్రకటించిన ఫీల్డులో 12345 అనే సంఖ్య 12 34 5సీ అని మూడు బైట్లలో కూర్చుంటుంది. చివరి సీ అంటే ధనం, డీ అయితే రుణం. తెర మీద ఇది రెండు చుక్కలు, ఒక నక్షత్రం గుర్తుగా కనబడుతుంది, ఎందుకంటే 5సీ ఎబ్సిడిక్‌లో నక్షత్రం. ఇది ఎన్‌కోడింగ్ లోపం కానే కాదు. అక్కడ అక్షరాలే లేవు, సంఖ్య ఉంది. పేర్ల మధ్యలో ఒకే కాలమ్ ప్రతి రికార్డులోనూ చిందరవందరగా ఉంటే ముందు కాపీబుక్ (రికార్డులో ఫీల్డుల అమరికను చెప్పే కోబాల్ వివరణ) తెరిచి ఆ ఫీల్డు రకం చూడండి.

ఐఎస్‌పీఎఫ్‌లోనే చూడటం

నేను అన్నిటికంటే ముందు సిఫారసు చేసేది ఐఎస్‌పీఎఫ్‌నే, అంటే మెయిన్‌ఫ్రేమ్ తెర మీద మెనూలతో ఫైళ్ళు తెరిచే ఐబీఎం ప్రోగ్రామ్‌ను. ఎక్కడైనా ఉంటుంది, అదనంగా ఏదీ కొనక్కర్లేదు, డేటా మెయిన్‌ఫ్రేమ్ దాటి బయటికి రాదు. కానీ బ్రౌజ్, వ్యూ, ఎడిట్ మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు.

బ్రౌజ్ చదవడానికి మాత్రమే. ఫైలు మొత్తాన్ని మెమరీలోకి లాగదు, అడిగిన మేరకే చదువుతుంది. పెద్ద ఫైలు అయితే ఇదే సరైనది. కనిపించని బైట్లను చుక్కలుగా చూపిస్తుంది. డిస్‌ప్లే ఆదేశం ఇచ్చి పక్కన ఆస్కీ అనో యూటీఎఫ్8 అనో, లేదంటే సీసీఎస్ఐడీ (ఒక్కో ఎన్‌కోడింగ్‌కు ఐబీఎం ఇచ్చిన) సంఖ్యో చెబితే, ఆ ఎన్‌కోడింగ్‌లో ఉన్న డేటాను మీ టెర్మినల్ కోడ్ పేజీలోకి మార్చి తెర మీద చూపిస్తుంది. ఫైల్లో ఒక్క బైట్ కూడా కదలదు. గుర్తుంచుకోవాల్సిన సీసీఎస్ఐడీలు కొన్నే: 37, 500, 1047 ఎబ్సిడిక్ రకాలు, 1140 అంటే 037లో యూరో గుర్తు చేర్చినది, 819 లాటిన్-1, 1208 యూటీఎఫ్-8, 1200 యూటీఎఫ్-16.

హెక్స్ ఆన్ ఆదేశం మూడింటిలోనూ పనిచేస్తుంది. ప్రతి పంక్తి కింద రెండు వరుసలు వస్తాయి. పై వరుసలో బైట్ మొదటి సగం, కింది వరుసలో రెండో సగం. పైన సీ, కింద 1 ఉంటే అది 'ఏ' అక్షరం. మొదట్లో కళ్ళు తికమకపడతాయి, కొన్ని రోజులకు అలవాటవుతుంది. ఏ టూల్ ఏం చెప్పినా ఆఖరి సాక్ష్యం ఈ రెండు వరుసలే. చెడ్డ అక్షరం ఎక్కడుందో కళ్ళతో వెతకకండి. ఫైండ్ ఆదేశంలో పీ అక్షరం, దాని పక్కన కొటేషన్లలో చుక్క పెడితే తెర చూపించలేని మొదటి బైట్ దగ్గరికి తీసుకెళ్తుంది.

వ్యూలో ఎడిట్ ఆదేశాలన్నీ ఉంటాయి గానీ నేరుగా సేవ్ చేయనివ్వదు. సోర్స్ ఆస్కీ అనే ఆదేశంతో ఆస్కీ డేటాను చదవగలిగేలా చూపిస్తుంది. ఆస్కీ పాఠం పంక్తులుగా విడిపోకుండా ఒకే ముద్దగా ఉంటే ఎల్ఎఫ్ ఆదేశం 0ఏ (ఆస్కీలో పంక్తి ముగింపు) దగ్గర విరిచి పంక్తులుగా పేరుస్తుంది. చిన్న ఫైలుకు ఇది చాలా హాయి. అదే ఆదేశాలు ఎడిట్‌లోనూ ఉన్నాయి, అందుకే ఎడిట్ అంటే నాకు భయం. ఎల్ఎఫ్ కొట్టాక సేవ్ అయితే రికార్డుల అమరిక మారిపోతుంది. చూడటానికి వెళ్ళినవాళ్ళు ఎడిట్ తెరవకూడదు, అంతే. ప్రొడక్షన్ ఫైళ్ళ మీద మీకు రాసే అనుమతి ఉన్నా సరే, చూపు కోసం బ్రౌజే వాడండి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకు ఇందులో ఇంకో లాభం ఉంది. 24 వరుసలు, 80 కాలమ్‌ల తెర అంటే 1,920 అక్షరాలే. గాలివానకు కేబుల్ తెగి ఫోన్ హాట్‌స్పాట్ మీద నడుస్తున్నా తెర వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దెబ్బ చూసిన పలాస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళకు ఈ తేడా ఎంతటిదో చెప్పక్కర్లేదు. 500 బైట్ల రికార్డులు పది లక్షలుంటే ఫైలు 50 కోట్ల బైట్లవుతుంది. ఒక్క రికార్డు చూడటానికి అంత బరువును ఇంటికి దించుకోవడం దండగ.

కాపీబుక్‌తో చూపించే టూల్స్

ఐబీఎం ఫైల్ మేనేజర్, ఫైల్-ఎయిడ్ ఈ కోవలోవి. రికార్డును కాపీబుక్‌తో జతచేసి, ఫీల్డు పేరు ఒకవైపు, విలువ ఒకవైపు చూపిస్తాయి. ప్యాక్డ్ డెసిమల్‌ని మామూలు సంఖ్యగా, బైనరీని బైనరీగా, పేరును పేరుగా చూపిస్తాయి. పేరూ మొత్తమూ కలగలిసిన రికార్డులైతే వీటిని మించినవి లేవు. వీటిలో ఏది మేలని నన్ను అడుగుతుంటారు. మీ క్లయింటు ఏది కొన్నారో అదే మేలు. రెండూ లైసెన్సుతో వచ్చేవే, ఎంచుకునే అవకాశం మన చేతిలో ఉండదు.

జాగ్రత్త పడాల్సింది కాపీబుక్ విషయంలో. పాత కాపీబుక్ జతచేస్తే ఫీల్డులు ఒకట్రెండు బైట్లు జరిగి, బాగున్న డేటా కూడా పాడైనట్టు కనబడుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. అలాంటి మార్పుకు ఏ సిస్టమ్‌లోనైనా చిరునామా ఫీల్డు పెంచి, కొత్త కాపీబుక్ పెట్టారనుకోండి. పాత దానితో చూసేవాళ్ళకు జిల్లా పేరు తర్వాతి ఫీల్డులన్నీ తప్పుగానే కనబడతాయి. ఎన్‌కోడింగ్‌ని అనుమానించే ముందు, రికార్డు మొత్తం పొడవు కాపీబుక్ పొడవుతో సరిపోతుందో లేదో చూడండి.

బ్యాచ్ దారి: ఐడీక్యామ్స్, డీఎఫ్‌సార్ట్

తెర మీద చూసే వీలు లేనప్పుడు, లేదా ఆధారం కాగితంలా ఎవరికైనా పంపాల్సినప్పుడు నేను ఐడీక్యామ్స్ అనే ఐబీఎం యుటిలిటీలోని ప్రింట్ ఆదేశం వాడతాను. డంప్ అని చెబితే హెక్స్ ఒకవైపు, అక్షరాలు ఒకవైపు పక్కపక్కనే ఇస్తుంది. స్కిప్, కౌంట్ చెప్పి కావాల్సిన నాలుగు రికార్డులే తీయొచ్చు. వీశామ్ (మెయిన్‌ఫ్రేమ్ ప్రత్యేక ఫైలు రకం) ఫైళ్ళకు కూడా ఇదే జవాబు. రికార్డులను వరుస పెట్టే డీఎఫ్‌సార్ట్ అయితే రికార్డులో మీరు చెప్పిన కాలమ్‌లను మాత్రమే ఎబ్సిడిక్ నుంచి ఆస్కీకి, లేదా ఆస్కీ నుంచి ఎబ్సిడిక్‌కి మార్చి వేరే ఫైల్లో రాస్తుంది. పేర్లు ఆస్కీలో, మొత్తాలు ప్యాక్డ్‌లో ఉన్న ఫైలుకు ఇది బంగారం లాంటి సౌకర్యం. పేరు కాలమ్‌లు మారతాయి, మొత్తాల జోలికి పోదు. మూల ఫైలు అలాగే ఉంటుంది.

యూనిక్స్ వైపు ఫైళ్ళు

జెడ్/ఓఎస్ లోపల యూనిక్స్ ఫైలు వ్యవస్థ ఉంది. అక్కడ ఒక్కో ఫైలుకు ఎన్‌కోడింగ్ ట్యాగ్ తగిలించవచ్చు. ఎల్ఎస్ ఆదేశానికి పెద్దబడి టీ ఎంపిక జోడిస్తే ఆ ట్యాగ్ కనిపిస్తుంది, సీహెచ్‌ట్యాగ్ ఆదేశంతో పెట్టవచ్చు. ట్యాగ్ బైట్లను మార్చదు, అదొక పేరుపట్టీ. తనంతట తాను మార్చి చూపే సౌకర్యం ఆన్‌లో ఉంటే, ట్యాగ్ ఉన్న ఫైలును క్యాట్ ఆదేశంతో చూసినా చదవగలిగే రూపంలో వస్తుంది. కాబట్టి నా కొలత ప్రకారం ఇది మంచి దారి.

తప్పు ట్యాగ్ మాత్రం ప్రమాదం. యూటీఎఫ్-8 ఫైలుకు లాటిన్-1 ట్యాగ్ తగిలిస్తే ఇంగ్లీషు వరకు అంతా బాగానే ఉండి, తెలుగు పేరు వచ్చిన చోట చెడిపోతుంది. అనుమానం వస్తే ఓడీ ఆదేశంతో హెక్స్ చూసి నిర్ధారించుకోండి. ఐకాన్వ్ ఆదేశం ఒక ఎన్‌కోడింగ్ నుంచి మరోదానికి మార్చి కొత్త ఫైలు ఇస్తుంది. అది మార్పిడి పనిముట్టు, చూపు పనిముట్టు కాదు. దాని ఫలితాన్ని మూల ఫైలు మీదికే మళ్ళించకండి.

జోవీ, విఎస్ కోడ్

2018లో ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టు కింద మొదలైన జోవీ అనే ఓపెన్‌సోర్స్ టూల్స్ వల్ల కొత్తతరం పిల్లలు విఎస్ కోడ్ ఎడిటర్‌లోనే మెయిన్‌ఫ్రేమ్ ఫైళ్ళు తెరుస్తున్నారు. జోవీ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైలును ఏ ఎన్‌కోడింగ్‌తో తెరవాలో అడిగి తెరిచే వీలుంది: ఎబ్సిడిక్, బైనరీ, లేదా మనం చెప్పే వేరే కోడ్ పేజీ. ప్రోగ్రామ్ సోర్సులకు, జేసీఎల్‌కు (మెయిన్‌ఫ్రేమ్ పనులను నడిపే ఆదేశాల పాఠం), చిన్న పాఠ్య ఫైళ్ళకు ఇది చాలా బాగుంటుంది. బ్రాకెట్ల సమస్యకు కోడ్ పేజీ మార్చి మళ్ళీ తెరవడం ఇక్కడ రెండు క్లిక్కుల పని.

కానీ ప్యాక్డ్ ఫీల్డులున్న డేటా ఫైలును ఇందులో పాఠంగా తెరిచి సేవ్ చేస్తే నష్టం శాశ్వతం. ఎందుకో చూడండి. పాఠంగా తెచ్చేటప్పుడు ప్రతి బైట్‌నూ అక్షరం అనుకుని మారుస్తుంది. 12 34 5సీలోని 5సీ నక్షత్రం అనుకుని 2ఏ అవుతుంది. ఎక్కడైనా 25 లేదా 15 అనే బైట్ ఉంటే, మార్పిడి పట్టికను బట్టి అది కొత్త పంక్తి గుర్తు అయిపోయి, రికార్డు నడుమ విరిగి రెండు పంక్తులవుతుంది. అర్థం కాని బైట్ స్థానంలో ఎడిటర్ ప్రత్యామ్నాయ గుర్తు పెడుతుంది. సేవ్ చేశాక ఫైల్లో ఈఎఫ్ బీఎఫ్ బీడీ అనే మూడు బైట్లు కనబడితే, అక్కడ మొదట ఏముండేదో ఇక ఎవరూ చెప్పలేరు. మెయిన్‌ఫ్రేమ్ వైపు మార్పిడుల్లో ఇలా పోయిన అక్షరం ఎబ్సిడిక్‌లో 3ఎఫ్‌గా, ఆస్కీలో 1ఏగా మిగులుతుంది. ఈ మూడు ఆనవాళ్ళలో ఏది కనిపించినా చూసే దారి మార్చి లాభం లేదు, మూల ఫైలు కోసం దాన్ని పంపినవాళ్ళను అడగాల్సిందే.

పీసీకి దించుకుని చూడటం

ఫైళ్ళు బదిలీ చేసే ఎఫ్‌టీపీలో పాఠం, బైనరీ అని రెండు పద్ధతులుంటాయి. పాఠంగా దించితే దారిలోనే ఎబ్సిడిక్ నుంచి ఆస్కీకి మారి వస్తుంది, ప్యాక్డ్ ఫీల్డులు చస్తాయి. బైనరీలో దించితే బైట్లన్నీ క్షేమం, కానీ చదవడం మన పని. పైథాన్ వాడేవాళ్ళకు 037, 500, 1140 కోడ్ పేజీలు దానితోనే వస్తాయి. 1047 మాత్రం ప్రామాణిక లైబ్రరీలో లేదు, విడిగా చేర్చుకోవాలి. లినక్స్‌లో ఐకాన్వ్ 1047ని చదువుతుంది. డీడీ ఆదేశంలోని పాత ఎబ్సిడిక్ పట్టిక 037తో అచ్చంగా కలవదు, బ్రాకెట్ల వంటి గుర్తుల దగ్గర తేడా వస్తుంది, దాన్ని నమ్మకండి.

అయినా ఈ దారిని నేను చివరిదిగానే ఉంచుతాను. అది నిజమైన మనుషుల డేటా. పేరు, ఖాతా, చిరునామా ఇంట్లో లాప్‌టాప్‌లోకి చేరడం చాలా ప్రాజెక్టుల్లో నిషిద్ధం. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. రాతపూర్వక అనుమతి లేకుండా ప్రొడక్షన్ ఫైలు దించకండి. అనుమతి ఉన్నా పని అయ్యాక తుడిచేయండి.

తెలుగు అక్షరాలున్న ఫైలు వస్తే

ఇప్పటిదాకా చెప్పిన వాటిలో తెలుగును తెలుగుగా చూపించేవి తక్కువ. ఐఎస్‌పీఎఫ్ బ్రౌజ్‌లో డిస్‌ప్లే యూటీఎఫ్8 ఇచ్చినా, అది మార్చేది మీ టెర్మినల్ కోడ్ పేజీలోకి. 037లో గానీ 1047లో గానీ తెలుగు అక్షరానికి చోటు లేదు. ఇంగ్లీషు పేర్లు చదవగలిగేలా వస్తాయి, తెలుగు పేర్లు రావు. అది టూల్ లోపమని గంటలు గంటలు వెతకకండి.

హెక్స్‌లో మాత్రం తెలుగును ఇట్టే పట్టుకోవచ్చు. యూనికోడ్‌లో తెలుగు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉంటుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 లేదా బీ1. శ అంటే ఈ0 బీ0 బీ6. ఎబ్సిడిక్‌లో ఈ0 అంటే వెనక్కి వాలిన గీత \ కాబట్టి, 3270 తెర మీద ప్రతి మూడో స్థానంలో ఆ గీత కనబడుతుంటే అక్కడ మన లిపులలో ఏదో ఒకటి ఉందని అర్థం. ఏ లిపో రెండో బైట్ చెబుతుంది. బీ0, బీ1 తెలుగు. ఏసీ, ఏడీ ఒడియా. ఏ4, ఏ5 దేవనాగరి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు రికార్డుల్లో తెలుగు, ఒడియా పేర్లు పక్కపక్కనే రావడం సహజం. లిపి చదవడం రాకపోయినా ఏ రికార్డు ఏ లిపిలో ఉందో హెక్స్‌తోనే చెప్పేయొచ్చు. యూటీఎఫ్-16 అయితే ప్రతి సంకేతం రెండు బైట్లు, ఒకటి విడిచి ఒకటి 0సీ వస్తుంటుంది.

ఫీల్డు పొడవు దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. శ్రీకాకుళం ఇంగ్లీషు పెద్దబడిలో పది అక్షరాలు, పది బైట్లు. తెలుగులో కూడా పది సంకేతాలే: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. కానీ యూటీఎఫ్-8లో అవి 30 బైట్లు, యూటీఎఫ్-16లో 20. విజయనగరం ఇంగ్లీషులో 12 బైట్లు, తెలుగులో ఎనిమిది సంకేతాలు, అంటే యూటీఎఫ్-8లో 24, యూటీఎఫ్-16లో 16. ఊరి పేరుకు 20 బైట్ల ఫీల్డు ఉన్న పాత కాపీబుక్‌లో రెండు ఇంగ్లీషు పేర్లూ హాయిగా పడతాయి. యూటీఎఫ్-8 తెలుగులో ఒక్కటీ పట్టదు. శ్రీకాకుళం 20వ బైట్ దగ్గర తెగితే "శ్రీకా" వరకు నిలిచి, దాని వెనక క అక్షరంలో రెండు బైట్లు వేలాడుతూ మిగులుతాయి. ఆ తెగిన ముక్కే తెర మీద ప్రశ్నార్థకంగా కనబడుతుంది. ఫీల్డు చివర్న మాత్రమే చెత్త ఉంటే ఎన్‌కోడింగ్‌ని తిట్టకుండా పొడవు లెక్కించండి.

కొత్తగా ఫీల్డు పెట్టే మాట మీ దాకా వస్తే, కోబాల్‌లో రెండు దారులున్నాయి. నేషనల్ రకం యూటీఎఫ్-16లో దాచుకుంటుంది. ఎంటర్‌ప్రైజ్ కోబాల్ 6.3 నుంచి యూటీఎఫ్-8 రకం కూడా వచ్చింది. ఎక్కువభాగం తెలుగే ఉండే ఫీల్డుకు యూటీఎఫ్-16 మూడో వంతు తక్కువ చోటు తీసుకుంటుంది. హెక్స్‌లో కళ్ళతో చదవడమూ తేలిక, సంకేతం హద్దు ఎక్కడో రెండేసి బైట్లకు తెలిసిపోతుంది. ఇంగ్లీషు ఎక్కువ, తెలుగు అప్పుడప్పుడూ అయితే యూటీఎఫ్-8. డీబీ2 డేటాబేస్ టేబుల్‌లో ఉన్న డేటా అయితే ఫైలుగా దించి తలబద్దలు కొట్టుకోవద్దు. ఆ టేబుల్ ఎబ్సిడిక్‌దో యూనికోడ్‌దో డీబీ2 కేటలాగే చెబుతుంది, క్వెరీ ఫలితాన్ని మార్చి ఇచ్చే పని కూడా అదే చూసుకుంటుంది.

తెలుగును తెలుగుగా చదవాలంటే నా ఎంపిక జోవీ ఎక్స్‌ప్లోరర్‌లో బైనరీగా తెరవడం. బైట్లు మారకుండా వస్తాయి, విఎస్ కోడ్ వాటిని యూటీఎఫ్-8గా చదివి తెలుగు చూపిస్తుంది. స్థిర పొడవు రికార్డుల మధ్య పంక్తి విరుపులు ఉండవు కాబట్టి అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నింపడానికి పెట్టిన ఎబ్సిడిక్ ఖాళీలు @ గుర్తులుగా కనిపిస్తాయి. కళ్ళకు కష్టమే గానీ పేరు మాత్రం చదవగలుగుతారు. చదివి మూసేయండి, సేవ్ నొక్కకండి.

పాత డేటాలో ఇంకో చిక్కు ఉంది. యూనికోడ్ రాకముందు తెలుగును ఇస్కీ అనే భారతీయ లిపుల కోడ్‌లోనూ, ఫాంటును బట్టి అర్థం మారే పద్ధతుల్లోనూ దాచారు. ఇస్కీకి 1991లో భారతీయ ప్రమాణం వచ్చింది. అందులో మన లిపులన్నిటికీ ఒకే విలువలు, క అంటే తెలుగైనా హిందీ అయినా ఒకటే. అను ఫాంట్లతో టైపు చేసిన పాఠం అయితే ఆ ఫాంటుతో చూస్తేనే తెలుగు, లేకపోతే యూరప్ అక్షరాలు. దానికి ఏ సీసీఎస్ఐడీ ఇచ్చినా ఫలితం ఉండదు, ఆ ఫాంటుకే రాసిన కన్వర్టర్ కావాలి. హెక్స్‌లో ఈ0 బీ0, ఈ0 బీ1 జంటలు గానీ, ఒకటి విడిచి ఒకటి 0సీ గానీ ఎక్కడా కనబడకుండా, తెలుగు అని మాత్రం చెబుతున్న ఫైలు వస్తే ఈ కోణంలో ఆలోచించండి.

సాధన, ఆ తర్వాత కబురు

ఇంకా ఉద్యోగం రాని విద్యార్థులకు ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ ఉచితం. నిజమైన మెయిన్‌ఫ్రేమ్ మీద ఖాతా ఇస్తారు, విఎస్ కోడ్, జోవీతోనే పని. అక్కడ ఒక చిన్న యూనిక్స్ ఫైలు చేసి అందులో మీ ఊరి పేరు ఇంగ్లీషులో, తెలుగులో రాయండి. అదే ఫైలును 1047గా, లాటిన్-1గా, యూటీఎఫ్-8గా మార్చి మార్చి తెరిచి, ప్రతిసారీ హెక్స్‌తో పోల్చండి. పైన చెప్పిన ఆనవాళ్ళన్నీ మీ ఊరి పేరులోనే కనిపిస్తాయి.

ఉద్యోగంలో ఉన్నవాళ్ళు తెల్లారి షిఫ్టు అప్పజెప్పేటప్పుడు "ఫైల్లో జంక్ ఉంది" అని రాయకండి. అవతలి టీమ్ మీరు చూసిన చోటునే, మీరు చూసిన విధంగానే చూడగలగాలి. డేటాసెట్ (మెయిన్‌ఫ్రేమ్ ఫైలు) పేరు, రికార్డు సంఖ్య, కాలమ్, అక్కడి ఆరు బైట్ల హెక్స్, మీ టెర్మినల్ కోడ్ పేజీ, ఏ టూల్‌లో చూశారో, బ్రౌజ్‌లోనా ఎడిట్‌లోనా, ఫైలు ఏ పద్ధతిలో అక్కడికి చేరింది, ఎఫ్‌టీపీ అయితే పాఠమా బైనరీయా, ఇవన్నీ రాయండి. స్క్రీన్‌షాట్ జతచేస్తే హెక్స్ ఆన్‌లో ఉన్నప్పుడు తీసినదే పెట్టండి, అందులో కస్టమర్ పేరు, ఖాతా నంబరు కనబడకుండా చెరిపి పంపండి.